దెబ్బ లేకుండా కుక్కకు నేర్పడం: తాయిలం, క్లిక్కర్, బెల్టు, ట్రైనర్‌లలో మీ ఇంటికి ఏది?

కుక్కను కొట్టకుండా, గొలుసు గుంజకుండా నేర్పాలని నిర్ణయించుకున్నాక అసలు తికమక మొదలవుతుంది. ఒకరు క్లిక్కర్ (నొక్కితే 'టిక్' మనే చిన్న పరికరం) కొనమంటారు. ఒకరు తిండి అలవాటు చేస్తే చేతిలో తిండి లేనిదే మాట వినదంటారు. ఇంకొకరు నెల రోజులు తమ దగ్గర వదిలేస్తే అన్నీ నేర్పి పంపిస్తామంటారు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఇంట్లో అందరూ రోజూ ఒకేలా చేయగలిగిన పద్ధతే ఆ ఇంటి కుక్కకు మంచి పద్ధతి. కుక్క మీదికి ఎగిరితే నాన్న కసురుకుని, పిల్లలు నవ్వి, నానమ్మ బిస్కెట్ ఇచ్చే ఇంట్లో ఎంత ఖరీదైన ట్రైనింగైనా నిలవదు. అందుకే కింద ప్రతి ఎంపిక దగ్గరా 'ఇది ఎవరు చేయగలరు' అనే ప్రశ్న కూడా వేసుకున్నాం.

ముందు చోక్ చైన్ సంగతి తేల్చుకుందాం

చోక్ చైన్ (గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు), ముళ్ల కాలర్, షాక్ కాలర్ అసలు పని చేయవని మేం అనం. నొప్పికి భయపడి కుక్క చేస్తున్న పని ఆపేస్తుంది, అది కంటికి కనిపిస్తుంది కూడా. కానీ ఆ నొప్పిని అది దేనికి ముడిపెట్టుకుంటుందో మన చేతిలో లేదు. ఎదురుగా పిల్లాడు సైకిల్ మీద వస్తుండగా మెడ బిగిస్తే, 'లాగకూడదు' అనే పాఠం బదులు 'సైకిల్ వస్తే మెడ నొప్పి పుడుతుంది' అనే పాఠం ఎక్కవచ్చు. తర్వాత్తర్వాత సైకిల్ కనపడగానే మొరుగుతుంది, యజమాని ఇంకా గట్టిగా గుంజుతాడు. గుర్రుమనడాన్ని కొట్టి మాన్పిస్తే మరీ ప్రమాదం. హెచ్చరిక పోతుంది, లోపలి భయం అలాగే ఉంటుంది. అలాంటి కుక్క ఒకరోజు చెప్పాపెట్టకుండా కరుస్తుంది.

2020లో వెలువడిన రెండు అధ్యయనాలు ఈ చర్చను చాలావరకు ముగించాయి. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలను చూస్తే, శిక్షలు వాడే స్కూళ్లలోని కుక్కలు ట్రైనింగ్ సమయంలో ఎక్కువ ఒత్తిడి చూపించాయి, వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా పెరిగింది. ఇంగ్లండ్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్లు 63 కుక్కలతో షాక్ కాలర్‌ను, బహుమతి పద్ధతిని పోల్చారు. పిలిస్తే రావడం నేర్పడంలో షాక్ కాలర్ వల్ల అదనపు లాభం ఏమీ కనపడలేదు. వేల్స్ 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లో అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతులే వాడాలని ప్రకటించింది, మొండి కుక్కలకూ కరిచే కుక్కలకూ మినహాయింపు లేకుండా.

'మనం బాస్ అని దానికి తెలియాలి' అనే మాట 1947లో బాసెల్ జూలో బంధించిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలన నుంచి పుట్టుకొచ్చింది. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీతండ్రీ, వాటి పిల్లలూ ఉన్న కుటుంబమని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ 1999లో వివరించాడు. మన సోఫా మీద ఎక్కిన కుక్క రాజ్యం కోసం ఎక్కలేదు, మెత్తగా ఉందని ఎక్కింది.

దేనితో చెల్లించాలి: తిండి, ఆట, నిమరడం

ఎక్కువ కుక్కల విషయంలో వరస ఇలా ఉంటుంది: తిండి, ఆ తర్వాత నిమరడం, చివర్న నోటి పొగడ్త. 'గుడ్ బాయ్' అన్న మాట ఒక్కదానితో కొత్త పని నేర్పడం చాలా కష్టం. బంతి పిచ్చి ఉన్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి ఆట తిండితో సమానంగా పనిచేస్తుంది, కానీ ఒక్కసారి బంతి విసిరితే మళ్లీ పనిలోకి రావడానికి అర నిమిషం పోతుంది. పైగా ఆటతో కుక్క హుషారెక్కుతుంది. పిలిస్తే పరుగెత్తి రావడానికి ఆ హుషారు మంచిది, చాప మీద నిమ్మళంగా పడుకోవడానికి పనికిరాదు. కాబట్టి కొత్త పాఠానికి తిండి, వేగం కావలసిన పాఠానికి ఆట.

ఏ తిండి అనేది చోటును బట్టి మారుతుంది. ఇంట్లో, చప్పుడు లేని గదిలో, రోజూ పెట్టే పెల్లెట్లే చాలు. మెట్ల దగ్గర, లిఫ్ట్ ముందు కాస్త మెరుగైనది కావాలి. వీధిలో ఇంకో కుక్క కనపడేచోట ఉడికించిన చికెనో, చికెన్ లివరో తప్ప కుక్క మీ వైపు తలతిప్పదు. లివర్‌లో విటమిన్ ఎ ఎక్కువ కాబట్టి రోజూ వద్దు, వారంలో ఒకటి రెండు సార్లు చాలు.

శాకాహారం ఇళ్లలో ఇదే పెద్ద ఇబ్బంది అనుకుంటారు కానీ ఉప్పు లేని పనీర్ చాలా కుక్కలకు చికెన్‌తో సమానం. ఉడికించిన చిలగడదుంప, నెయ్యి రాయని చపాతీ ముక్కలు రెండో స్థాయికి సరిపోతాయి. పెరుగన్నం పళ్లెంలో మంచిదే, చేతిలో పనికిరాదు. గ్లూకోజ్ బిస్కెట్ మేం సిఫార్సు చేయం. చక్కెర సంగతి అలా ఉంచితే, అది పొడిపొడిగా రాలుతుంది. కుక్క నేల మీది పొడి నాకుతూ ఉండిపోతుంది, తర్వాతి ప్రయత్నం ఆలస్యమవుతుంది, పాఠం ఊపు పోతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ కలిపిన షుగర్‌ఫ్రీ పదార్థాలు విషం. కూర లోంచి తీసి కడిగిన చికెన్ ముక్కలోనూ ఉల్లి, వెల్లుల్లి రసం ఉంటుంది, అది కూడా వద్దు.

పరిమాణం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ముక్క శనగగింజంత ఉండాలి. కుక్క లెక్కపెట్టేది ముక్క పెద్దదా చిన్నదా అని కాదు, ఎన్నిసార్లు దొరికిందని. రోజుకు తినే కేలరీల్లో 10 శాతానికి మించి తాయిలాలు ఉండకూడదు. 20 కిలోల పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 1,050 కేలరీలు కావాలనుకుంటే అందులో తాయిలాల వాటా 100 పైచిలుకు. ఉడికించిన చికెన్ బ్రెస్ట్‌లో ఇది సుమారు 60 గ్రాములు. అర గ్రాము ముక్కలు కోస్తే 120 వస్తాయి, అంటే మూడు నాలుగు పాఠాలకు సరిపడా. అదే పనీర్ అయితే 35 గ్రాములే. 5 కిలోల చిన్న స్పిట్జ్‌కు చికెన్ 20 గ్రాములు దాటకూడదు. ఇచ్చినంత మేర రాత్రి గిన్నెలో తగ్గించండి. ఎండాకాలంలో చికెన్, పనీర్ జేబులో గంటకు మించి ఉంచకండి. మిగిలింది పారేయడమే, ఫ్రిజ్‌లోకి తిరిగి పెట్టొద్దు.

'తిండి లేకపోతే వినదు' అనే భయంలో కొంత నిజం ఉంది, కానీ దానికి కారణం తిండి కాదు, ఇచ్చే వరస. ముందు చూపించి చేయించుకుంటే అది లంచం, పని చేశాక తీసి ఇస్తే అది కూలి. చేతిలో ముక్క కనపడితేనే కూర్చునే కుక్క ఆ ముక్కనే ఆజ్ఞ అనుకుంటోంది. తిండి డబ్బా షెల్ఫ్ మీద పెట్టి, ఖాళీ చేతులతో 'కూర్చో' అనండి, కూర్చున్నాక షెల్ఫ్ దగ్గరికి వెళ్లి తీసివ్వండి. ఒకచోట 10లో 8 సార్లు సరిగ్గా చేస్తోందంటే ప్రతిసారీ ఇవ్వడం మానేసి ఒకసారి రెండింటికి, ఒకసారి నాలుగింటికి, ఇంకోసారి వెంటనే ఇవ్వండి. ఒక్క 'పిలిస్తే రావడం' మాత్రం దీనికి మినహాయింపు. దానికి ఆ కుక్క బతికినన్నాళ్లూ చెల్లిస్తూనే ఉండాలి, ఎందుకంటే ఒకరోజు అది లారీకి అడ్డం పడకుండా ఆపేది ఆ పిలుపే.

క్లిక్కరా, మాటా

కుక్క సరైన పని చేసిన క్షణానికీ నోట్లో తిండి పడే క్షణానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో అది లేస్తుంది, పక్కకు చూస్తుంది, తోక ఊపుతుంది. 'ఇదిగో, దీనికే ఇస్తున్నాను' అని చెప్పే గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తు క్లిక్కర్ 'టిక్' కావచ్చు, ఒక చిన్న మాట కావచ్చు. దేనికైనా ముందు అర్థం ఇవ్వాలి: గుర్తు, వెంటనే ముక్క, ఇలా 10–15 సార్లు, కుక్కను ఏ పనీ అడగకుండా. అది వేరే వైపు చూస్తున్నప్పుడు గుర్తు ఇస్తే టక్కున మీ చేతి కోసం తిరిగిందా, అర్థమైనట్టే.

క్లిక్కర్ బలం దాని కచ్చితత్వం. ఎవరు నొక్కినా ఒకే శబ్దం, కోపం, అలసట దాంట్లో వినపడవు. ఒక పాదం చాప అంచుకు తగిలిన ఆ అరక్షణాన్ని పట్టుకోవాలంటే దానికి సాటి లేదు. బలహీనత ఏమిటంటే మూడో చెయ్యి కావాలి: లీష్ (కుక్కను పట్టుకునే తాడు), ముక్కలు, క్లిక్కర్. వీధిలో కొత్తవాళ్ల చేతిలోంచి మొదట జారిపడేది అదే. శబ్దానికి బెదిరే కుక్కకు, ముఖ్యంగా రోడ్డు మీద దెబ్బలు తిని వచ్చినవాటికి, ఆ టిక్కే భయం కలిగించవచ్చు. అప్పుడు దాన్ని గుడ్డలో చుట్టి నొక్కండి, లేదా మీట నొక్కే బాల్‌పెన్ వాడండి.

మాట ఎప్పుడూ వెంట ఉంటుంది, చెయ్యి అక్కర్లేదు. కానీ మాట పొట్టిగా ఉండాలి, ఇంట్లో మామూలు కబుర్లలో దొర్లకూడదు. 'గుడ్' అనేది అందుకే పనికిరాదు, రోజంతా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 'యస్' చాలామంది వాడతారు. మాకు 'భేష్' నచ్చుతుంది: ఒక్క పలుకు, గట్టిగా వినపడుతుంది, ఇంకెక్కడా వాడం.

రెండింటిలో ఏది తొందరగా నేర్పుతుంది? 2016లో ఇటలీలో 51 కుక్కలను మూడు గుంపులు చేసి క్లిక్కర్, మాట, ఏ గుర్తూ లేని తిండి అని పోల్చితే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి క్లిక్కర్ లేదని ఆగిపోకండి. మా సలహా: ఇంట్లో నేర్పేది ఒక్కరే అయితే, కొత్త విద్యలు నేర్పాలన్న సరదా ఉంటే క్లిక్కర్. నలుగురు చేతులు మారే ఇంట్లో మాట. రెండూ వాడుకోవచ్చు కూడా, పాఠం గదిలో క్లిక్కర్, వీధిలో మాట.

ఏదైనా సరే, మూడు పొరపాట్లు దాన్ని పాడుచేస్తాయి. నొక్కి తిండి ఇవ్వకపోవడం మొదటిది. పొరపాటున నొక్కినా ముక్క ఇవ్వాల్సిందే. క్లిక్కర్‌ను కుక్కను పిలవడానికి వాడటం రెండోది, అది రిమోట్ కాదు. మూడోది చాలామందికి కనపడదు: టిక్ కన్నా ముందే చెయ్యి సంచిలోకి వెళ్లిపోతుంది. అప్పుడు కుక్క శబ్దాన్ని వదిలేసి చేతినే చూస్తుంది. ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసుకుని చూడండి, తెలిసిపోతుంది. వరస ఎప్పుడూ ఇదే: టిక్, ఆ తర్వాతే చెయ్యి కదలాలి, రెండు సెకన్లలోపు ముక్క నోట్లో పడాలి.

ఎలా రాబట్టాలి: ఆశ చూపడమా, కాచుకోవడమా, కొంచెం కొంచెంగా మలచడమా

మొదటిది ముక్కును ముక్కతో నడిపించడం. కూర్చోవడానికి ఇదే త్వరైన దారి. ముక్కను కుక్క ముక్కుకు ఆనించి, నెమ్మదిగా తల మీదుగా చెవుల వైపు వెనక్కి జరపండి. తల లేస్తుంది, వెనక భాగం కిందికి దిగుతుంది, నేలకు తాకగానే 'భేష్'. ఎగురుతోందంటే చెయ్యి మరీ పైన ఉంది. వెనక్కి నడుస్తోందంటే గోడ మూల దగ్గర చేయండి. పడుకోవడానికి కూర్చున్న కుక్క ముక్కు నుంచి ముక్కను నిటారుగా ముందు కాళ్ల మధ్యకు దించి, తర్వాత నేల మీద బయటికి లాగండి. పిర్రలు లేస్తే మీ చెయ్యి తొందరపడింది. దీంట్లో ఉన్న చిక్కు ఒక్కటే: నాలుగోసారికల్లా చేతిలో ముక్క తీసేయాలి. చెయ్యి అదే కదలిక కదలాలి, ముక్క మాత్రం రెండో చేతి నుంచి రావాలి. ఇరవైసార్లు ముక్కతో నడిపించాక తీసేయబోతే కుక్క కదలదు.

కాచుకోవడం అంటే కుక్క తనంతట తాను చేసినప్పుడు పట్టుకుని చెల్లించడం. ఇది బద్ధకస్తుల పద్ధతి అనిపిస్తుంది కానీ నిమ్మళం నేర్పడానికి దీన్ని మించింది లేదు. ఉదయం పేపర్ చదువుతుంటే కుక్క మీ కాళ్ల దగ్గర పడుకుని పక్కకు ఒరిగిందా, మాట లేకుండా ముక్క రెండు కాళ్ల మధ్య పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు కూర్చున్నచోటి నుంచే చేయగలిగేది ఇదొక్కటే. బిస్కెట్ డబ్బా నానమ్మ చేతిలోంచి లాక్కోనక్కర్లేదు. మీదికి ఎగిరినప్పుడు కాక, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడు ఇవ్వమని చెప్పండి చాలు, ఆవిడే ఇంట్లో గొప్ప ట్రైనర్ అవుతుంది.

మలచడం కష్టమైనది, కుక్క బుర్రకు పదునెక్కువ పెట్టేది. చాప మీదికి వెళ్లి పడుకోవడం దీనికి మంచి పాఠం. చిన్న చాప లేదా గోనెపట్టా పరవండి. దాని వైపు చూసిందా, గుర్తు, ముక్క. తర్వాత చూపు చాలదు, ఒక అడుగు వేయాలి. తర్వాత ఒక పాదం తగలాలి, తర్వాత రెండు, నాలుగు, ఆపై పడుకోవడం. ప్రతి మెట్టు 5లో 4 సార్లు కుదిరితే పైకి, వరసగా మూడుసార్లు తప్పితే ఒక మెట్టు కిందికి. మొదట్లో నిమిషానికి 10 ముక్కలైనా పడాలి. అంతకు తగ్గితే కుక్క విసిగి మొరుగుతుంది లేదా వెళ్లిపోతుంది, అప్పుడు మొండిదని తిట్టడం అన్యాయం, మెట్టు ఎత్తైంది అంతే. ముక్కను చాప మీదే వేయండి, చేత్తో తినిపించకండి. విలువ చాపకు అంటుకోవాలి. పాఠం పిల్లలకు 3 నుంచి 5 నిమిషాలు, పెద్దవాటికి 10 నిమిషాలు దాటనివ్వకండి.

పిలుపు మాటలు: తెలుగా, ఇంగ్లీషా

కుక్కకు భాష పట్టింపు లేదు, ఇంట్లోవాళ్లకు ఉంటుంది. తాతకు 'స్టే' నోరు తిరగకపోతే అది ఆ ఇంటికి తప్పు మాట. 'కూర్చో', 'పడుకో', 'ఆగు' చక్కగా సరిపోతాయి. రెండు జాగ్రత్తలు. 'రా' అని పిలుపు పెట్టుకోకండి. 'ఏంట్రా', 'పోరా', 'ఇటు రారా' అంటూ అది రోజూ వందసార్లు వినపడుతుంది, దేనికీ ముక్క రాదు, నెలలోపే ఆ మాట గాల్లో కలిసిపోతుంది. 'ఇటు' అనో, ఇంకా మంచిది ఈల అనో పెట్టుకోండి, ఈల ట్రాఫిక్ మోతలోనూ వినపడుతుంది. రెండోది, 'వద్దు', 'వదులు' రెండూ వాడకండి, మొదలు ఒకేలా ఉన్న మాటలు కలగాపులగం అవుతాయి. మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, పనికొచ్చే ఆవిడకు కూడా చెప్పండి. పిలుపు మాటతో పిలిచి స్నానం చేయించడం, మందు వేయడం, కట్టేయడం ఎప్పుడూ చేయకూడదు. వాటికి మీరే దాని దగ్గరికి నడిచి వెళ్లండి.

మెడకు బెల్టా, హార్నెస్సా

మెడ బెల్టు పేరు బిళ్ల తగిలించడానికి, రెండు వేళ్లు దూరేంత వదులుగా. లీష్ దానికి కట్టాలంటే ఇప్పటికే లాగకుండా నడిచే కుక్క అయ్యుండాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే అసలు వద్దు, ఊపిరికే ఇబ్బంది.

కొత్తగా నేర్చుకునేవాటికి ఛాతీ దగ్గర వై ఆకారంలో ఉండే హార్నెస్ (మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీలు) మా ఎంపిక. భుజం మీదుగా అడ్డపట్టీ ఉన్న రకం కాళ్ల కదలికను పట్టేస్తుంది. ముందు కాలి చంక నుంచి పట్టీ రెండు వేళ్ల దూరంలో ఉందా, కాస్త నడిచాక వెంట్రుకలు రాసుకుపోయాయా చూడండి. బలంగా లాగే పెద్ద లాబ్‌కు ఛాతీ మీద కొక్కెం ఉన్నది తీసుకోండి. లాగితే పక్కకు తిరుగుతుంది, ఊపు పోతుంది. ఇది నేర్పదు, నేర్పే సమయం ఇస్తుంది, అంతే. నేర్పేది మీరు: లీష్ బిగిసిందా, ఆగిపోండి. వదులయ్యిందా, 'భేష్', మీ కాలి పక్కన ముక్క, మళ్లీ నడక. మొదటిరోజు వీధి చివరిదాకా కూడా వెళ్లలేరు, ఫర్వాలేదు.

లీష్ 6 అడుగుల నూలుదో నైలాన్‌దో చాలు. ఇనుప గొలుసు బరువుకు కుక్కకు ఎప్పుడూ లాగుతున్నట్టే ఉంటుంది, ఎండకు కాలుతుంది కూడా. చుట్టుకునే సాగే లీష్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, బైకులు తిరిగేచోట ప్రమాదం. పైగా లాగితేనే తాడు పొడవవుతుంది కాబట్టి అది లాగడాన్నే నేర్పుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నడక ఉదయం 7 లోపు, లేదా పొద్దుగూకి నేల చల్లబడ్డాక. అరచేతి వెనక భాగాన్ని తారు మీద 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు.

మీరే నేర్పుకోవడం, ఇంటికొచ్చే ట్రైనర్, బోర్డింగ్

ఇంట్లో అలవాట్లు, కూర్చోవడం, పిలిస్తే రావడం, టాయిలెట్ ఇవన్నీ మీరే నేర్పుకోవచ్చు. రోజుకు ఐదేసి నిమిషాలు మూడుసార్లు చాలు. ఇంటికొచ్చే ట్రైనర్‌ను పెట్టుకుంటే ఒక షరతు: అతను కుక్కకు కాదు, మీకు నేర్పాలి. గంటసేపు కుక్కను తను తిప్పి, మీకు 'చూశారా' అని చూపించి వెళ్లేవాడైతే అతను లేని గంటలన్నీ వృథా.

బోర్డింగ్ ట్రైనింగ్‌ను, అంటే కుక్కను ట్రైనర్ దగ్గరే కొన్నాళ్లు వదిలేయడాన్ని, మేం చివరికి ఉంచుతాం. కుక్క నేర్చుకున్నది ఆ చోటుకు, ఆ మనిషికి, ఆ వాసనకు ముడిపడి ఉంటుంది. ఇంటికి వచ్చిన వారంలో పాత అలవాట్లు తిరిగొస్తాయి, ఎందుకంటే ఇంట్లో ఏదీ మారలేదు. ఇంకా పెద్ద చింత, అక్కడ ఏం జరిగిందో మీరు చూడలేదు. వెళ్లేటప్పుడు తోక ఊపి, వచ్చాక చెయ్యి ఎత్తగానే ముడుచుకుపోయే కుక్క 'క్రమశిక్షణ' నేర్చుకోలేదు, భయం నేర్చుకుంది. తప్పనిసరైతే మధ్యలో చెప్పకుండా వెళ్లి చూసే వీలుందా అడగండి.

ఏ ట్రైనర్‌నైనా మూడు ప్రశ్నలు అడగండి. సరిగ్గా చేస్తే కుక్కకు ఏం ఇస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? అది భయపడితే ఏం చేస్తారు? రెండో ప్రశ్నకు 'పాఠం తేలిక చేస్తాను, దూరం పెంచుతాను' అనే జవాబు రావాలి. 'కొంచెం కరెక్షన్ ఉంటుంది' అంటే దేనితో, ఎక్కడ అని అడగండి. పది రోజుల్లో గ్యారెంటీ అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. జంతువును కొట్టడం, హింసించడం, ఎప్పుడూ కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా.

మీ పరిస్థితికి ఏది

ఫ్లాట్‌లోకి రెండు నెలల పిల్లను తెచ్చారా? క్లిక్కర్, విద్యలు పక్కన పెట్టండి. 3 నుంచి 14 వారాల మధ్య చూసిన ప్రపంచమే దానికి మామూలు ప్రపంచమవుతుంది. టీకాలు పూర్తికాకముందే చేతుల్లో ఎత్తుకుని లిఫ్ట్, కుక్కర్ ఈల, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, గొడుగు, ఆటో చప్పుడు చూపించండి, ఒక్కోదానికి ఒక్కో ముక్క. నేల మీద, వీధికుక్కలు తిరిగేచోట దింపకండి. టాయిలెట్‌కు నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక, మిగతా సమయంలో గంటకోసారి బయటికి. పని ముగిసిన క్షణంలో అక్కడే ముక్క, ఇంట్లోకి వచ్చాక కాదు. లోపల పోస్తే మాట లేకుండా తుడిచేయండి. ముక్కు రుద్దితే అది నేర్చుకునేది మీకు కనపడకుండా సోఫా వెనక పోయడమే. కొరికితే అరిచి కొట్టడం బదులు కొరకడానికి బొమ్మ ఇవ్వండి, ఆగకపోతే అర నిమిషం మీరే గదిలోంచి బయటికి వెళ్లండి.

వీధి నుంచి పెద్ద కుక్కను తెచ్చుకున్నారా? మొదటి రెండు వారాలు ఏమీ అడగకండి. చేత్తో పెట్టబోతే దగ్గరికి రాకపోతే నేల మీద వేసి మీరు వెనక్కి జరగండి. మన నాటు కుక్కలు తెలివైనవి, అనుమానం ఎక్కువ. ముక్కు మీద ముక్క తెచ్చి నడిపించడం వాటికి ఒత్తిడి అనిపిస్తుంది. కాచుకోవడం, మాట గుర్తు వీటికి బాగా నప్పుతాయి. ఒకసారి నమ్మకం కుదిరితే ఏ జాతి కుక్కకూ తీసిపోవు.

అతిథుల మీద ఎగిరే కుక్కకు చాప పాఠం, కాలింగ్ బెల్ ఫోన్‌లో రికార్డు చేసి చిన్నగా మోగిస్తూ. బెల్ అంటే చాప అని కుదిరాకే నిజం అతిథులు. మధ్యలో ఒకరోజు ఎప్పటికన్నా ఎక్కువ ఎగురుతుంది. పాత పని ఫలించడం మానేసినప్పుడు కుక్క చివరిసారి గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ రోజు లొంగి బుజ్జగిస్తే, గట్టిగా ఎగిరితేనే పని అవుతుందని నేర్పినట్టు.

బైకుల వెంట పరుగెత్తేదానికి దూరమే మందు. బైకును చూసి కూడా ముక్క తినగలిగే దూరం, 30 అడుగులైనా 100 అడుగులైనా, అక్కడి నుంచి మొదలు. బైక్ కనపడిందా, ముక్క. తినడం మానేసిందంటే మరీ దగ్గరికి వచ్చేశారు.

దీపావళి టపాసులకు నెలన్నర, రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. శబ్దం రికార్డు వినీ వినపడనంత చిన్నగా, శబ్దం ముందు, చికెన్ తర్వాత. వరస తిరగబడితే చికెన్ చూసినా భయపడుతుంది. శబ్దం పెంచడం రోజుకు వెంట్రుకవాసి. వణుకుతూ తిండి ముట్టని స్థితిలో పాఠం పనిచేయదు, వెటర్నరీ డాక్టర్‌ను ముందే కలిసి మందుల సంగతి మాట్లాడండి. భయపడే కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందనేది తప్పు, తీసుకోండి.

ఉన్నట్టుండి గుర్రుమనడం, ముట్టుకోనివ్వకపోవడం మొదలైతే ట్రైనర్ కన్నా ముందు డాక్టర్. చెవి నొప్పి, పన్ను నొప్పి, కీళ్ల నొప్పి కోపంలానే కనపడతాయి. ఇప్పటికే ఒకరిని కరిచిన కుక్కకు ఏ పద్ధతి ఎంచుకున్నా మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) అలవాటు తప్పదు. బుట్టలా ఉండే రకమే కొనండి, నోరు పూర్తిగా తెరిచి రొప్పగలగాలి. మూతి బిగించే నైలాన్ పట్టీ మన ఎండల్లో ప్రాణం మీదికి తెస్తుంది. లోపల పనీర్ ముద్ద రాసి, దానంతట అది మూతి పెట్టేదాకా ఆగండి. వారం పది రోజులు పట్టీ బిగించకుండా ఇలాగే, తర్వాత ఒక్క సెకను బిగించి విప్పడం, ఆపై ఐదు సెకన్లు, పదిహేను. పంజాతో గీరి తీసేసుకోబోతోందంటే నిన్నటి మెట్టుకు వెళ్లండి.